నోటి మీద వేలు, ఫోన్ మీద వేలు

తెలుగు పిల్లవాడికి బడిలో నేర్పే మొదటి పాఠం అక్షరం కాదు, ఆసనం. చేతులు కట్టుకోవాలి, నోటి మీద వేలేసుకోవాలి. ఎల్‌కేజీలో మొదలైన ఈ యోగాభ్యాసం పదో తరగతికల్లా సిద్ధిస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళకోసం ఆపైన రెండేళ్ళు ఇంటర్ ఉంది. తెల్లారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కుదేసి, ఎవడైనా చెయ్యెత్తితే "ముందు ఇచ్చిన బిట్లు చెయ్యరా, తెలివితేటలు తర్వాత చూపిద్దువుగాని" అని కూర్చోబెడతారు. ఈఏపీసెట్ నాటికి వాడు 180 నిమిషాల్లో 160 బిట్లు పెట్టేయగలడు. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేడు.

అలా తయారైన సరుకు ఇంజినీరింగ్ కాలేజీకి చేరుతుంది. మొదటి వారంలోనే సెమినార్ హాల్లో పెద్దాయనొకరు మైకు అందుకుని వాపోతారు: "ఈ జనరేషన్‌కి ఇంటరాక్షన్ లేదండీ. అసలు నోరే విప్పరు!"

పద్నాలుగేళ్ళు కుట్లు వేసిన నోరు అది. దాన్ని విప్పడానికి యాజమాన్యం ఏం చేసింది? ఒక యాప్ పెట్టించింది.

ఆ యాప్ పనితీరు చూసే భాగ్యం కలగనివాళ్ళకోసం కాస్త వివరంగా చెబుతాను. థర్మోడైనమిక్స్ క్లాసు. మూడు సెక్షన్లను ఒకే హాల్లో కలిపేశారు. బి సెక్షన్ మేడం సెమిస్టర్ మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. సి సెక్షన్ సార్‌ని, కాలేజీల నాణ్యతను లెక్కగట్టే నాక్ సంస్థ ఫైళ్ళ మీద వేశారు. మిగిలింది ఒక్కాయన, ఎదురుగా నూట ఎనభైమంది. తెరమీద క్యూఆర్ కోడ్ వెలిసింది. ప్రొజెక్టర్ బల్బు ఏనాడో వెలిసిపోయింది కాబట్టి ముందు నాలుగు వరసలకు అది కోడ్, ఆపై వరసలకు బూడిదరంగు మరక. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ టీకి వెళ్ళాడు. "నెట్ లేనివాళ్ళు పక్కవాళ్ళ హాట్‌స్పాట్ తీసుకోండి" అన్నారు సార్. ఆ రోజు ఆ హాల్లో విద్యార్థులు ఒకరితో ఒకరు మనసారా మాట్లాడుకున్నది ఆ రెండు నిమిషాలే.

తీరా లోపలికి వెళ్దామంటే ఉచిత ఖాతాకు మనుషుల లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండగానే తలుపులు మూసుకున్నాయి. బయట పడినవాళ్ళు రీల్స్ చూసుకుంటూ ఓపిగ్గా నిరీక్షించారు. లోపల ఉన్నవాళ్ళను పేర్లు పెట్టుకోమంటే పెట్టుకున్నారు. మొదటి ప్రశ్న: ఎంట్రోపీకి ప్రమాణం ఏది? ఎ, బి, సి, డి. గూగుల్‌కి తెలుసు కాబట్టి అందరికీ తెలుసు. లీడర్‌బోర్డు వచ్చింది. ప్రథమ స్థానం పుష్పరాజ్, ద్వితీయ స్థానం రాకీభాయ్, తృతీయ స్థానం 'సార్‌కి పెళ్ళెప్పుడు'. తర్వాత వర్డ్ క్లౌడ్. థర్మోడైనమిక్స్ అనగానే మీ మనసులో మెదిలే మాట టైప్ చెయ్యండి అన్నారు. ఎక్కువమంది రాసిన మాట పెద్దక్షరాల్లో వస్తుంది. తెర నిండా 'బ్యాక్‌లాగ్' పరుచుకుంది. దాని పక్కన 'లంచ్'. ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో 'ఎందుకు రివర్స్ కాదు?' అని ఎవరో రాశారు. రెండో నియమానికి గుండెకాయ లాంటి ప్రశ్న అది. రాసిందెవరో సార్ అడగలేదు. అప్పటికే పీరియడ్‌లో సగం అయిపోయింది. అదీగాక ఫొటో తీసే వేళయింది.

ఫొటో అంటే మామూలు ఫొటో కాదు, జియోట్యాగ్ ఫొటో. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. ఫలానా తేదీన, భూగోళం మీద ఫలానా బిందువు దగ్గర, విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారనడానికి ఉపగ్రహం సాక్ష్యం. వెనక బెంచీలో నిద్రపోతున్నవాణ్ణి లేపి, ఫోన్ చేతిలో పెట్టి, నవ్వమన్నారు. నవ్వాడు. పార్టిసిపేషన్ పూర్తయింది.

ఇందులో వింత ఏమిటంటే, క్లాసులో ఓట్లేయించే ఈ వ్యవహారం మొదలైన చోట ఇంత తెలివితక్కువగా మొదలవలేదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నాడు. 1984 నుంచి అక్కడ పాఠాలు చెబుతున్నాడు. బాగా చెబుతాడని పిల్లలు మంచి మార్కులే వేసేవాళ్ళు. 1990లో ఆయన కంట ఓ పరిశోధన పడింది. అరిజోనాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు చేసింది. ఫిజిక్స్ పరీక్ష పాసైన పిల్లలకు కూడా బలం అంటే ఏమిటో, గమనం అంటే ఏమిటో తెలియడం లేదని అందులో తేలింది. మా పిల్లలు అలాంటివాళ్ళు కాదులే అనుకుంటూ మజూర్ అదే పరీక్ష తన క్లాసుకీ పెట్టాడు. అప్పుడు ఓ విద్యార్థి లేచి అడిగిన సందేహాన్ని ఆయన తర్వాత చాలా వేదికల మీద చెప్పుకున్నాడు. వీటికి మీరు నేర్పిన ప్రకారం రాయాలా, లేక నేను మామూలుగా అనుకునే ప్రకారం రాయాలా అని ఆ విద్యార్థి అడిగాడట.

మన దగ్గర ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇంటర్నల్స్‌లో చూసుకుందాం." పాపం మజూర్‌కి ఆ సౌకర్యం తెలియదు. తన పాఠం పద్ధతే మార్చుకున్నాడు.

1991లో ఆయన మొదలుపెట్టిన పద్ధతిని మన రోడ్డు మీదికి తెచ్చి చూద్దాం. ఆర్టీసీ బస్సూ, షేర్ ఆటో ఎదురెదురుగా ఢీకొన్నాయి. బస్సు ఆటో మీద చూపిన బలం ఎక్కువా, ఆటో బస్సు మీద చూపిన బలం ఎక్కువా, రెండూ సమానమా? ఎవరికివాళ్ళు ఆలోచించుకుని ఒక జవాబు ఎంచుకోవాలి. సరైన జవాబు ఏదో అయ్యవారు అప్పుడే చెప్పరు. మూడొంతుల మందికి తప్పితే పాఠం మళ్ళీ చెబుతారు. మూడొంతుల మందికి వస్తే ముందుకు పోతారు. మధ్యస్థంగా ఉంటే పక్కవాడితో వాదించుకోమంటారు, రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత మళ్ళీ ఓటు.

న్యూటన్ మూడో నియమాన్ని నిద్రలో లేపినా అప్పజెప్పే కుర్రాడు బస్సుకే ఓటేస్తాడు. పక్కవాడు సమానం అన్నాడు. ఇక చూడండి.

"సమానమేంట్రా? బస్సుకి బంపర్ సొట్ట పడింది, ఆటో అప్పడమైపోయింది."

"మరి చర్యకు ప్రతిచర్య సమానమని రాస్తాం కదరా?"

"రాస్తాంలే, అది పరీక్షలో. ఇది రోడ్డు మీద."

"రోడ్డు మీద న్యూటన్ పనిచెయ్యడా?"

"చేస్తే ఆటో ఒక్కటే ఎందుకు ఎగిరిపడిందిరా?"

"తేలిక కాబట్టి. బలం అంతే పడింది, బరువున్నది తట్టుకుంది, తేలికది ఎగిరిపోయింది."

మొదటివాడు కాసేపు మాట్లాడడు. ఆ కాసేపట్లో జరిగేదాన్నే చదువు అంటారు. ప్రొఫెసర్ ఏడుసార్లు చెప్పినా ఎక్కనిది, గంట కింద తనకీ అది తెలియని పక్కబెంచీవాడు చెబితే ఎక్కుతుంది. ఎందుకంటే ఎక్కడ తికమకపడ్డామో వాడికింకా గుర్తుంది. 2009లో సైన్స్ పత్రికలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. గుంపులో ఒక్కరికీ సరైన జవాబు తెలియకపోయినా, వాదించుకున్నాక అలాంటిదే కొత్త ప్రశ్న ఇస్తే విడివిడిగా కూడా మెరుగ్గా చేశారని అందులో తేలింది.

మరి ఇందులో యంత్రం చేసే పనేమిటి? చేతులు లెక్కపెట్టడం. అంతకు మించి పైసా పని లేదు. మజూర్ కూడా మొదట్లో చేతులెత్తించాడు, అక్షరాలున్న కార్డులు పట్టించాడు, యంత్రాలు ఆ తర్వాత వచ్చాయి. యంత్రం మహిమ ఎంతో తేల్చుకుందామని కెనడాలో మాంట్రియల్ దగ్గర నథానియెల్ లాస్రీ అనే ఫిజిక్స్ అధ్యాపకుడు ఒక బృందానికి క్లిక్కర్లు (జవాబు నొక్కే చేతి యంత్రాలు), ఇంకో బృందానికి అట్టముక్కలు ఇచ్చి అదే పద్ధతిలో పాఠం నడిపించాడు. 2008లో ఆయన ప్రకటించిన ఫలితం: నేర్చుకున్న దాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అట్టముక్కా అంతే, బ్యాటరీ ముక్కా అంతే.

ఈ వార్త మన కొనుగోళ్ళ కమిటీల దాకా వచ్చినట్టు లేదు. వచ్చినా అట్టముక్కలకు కొటేషన్లు పిలవలేరు, టెండర్లు వెయ్యలేరు, ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యేగారిని రమ్మనలేరు. అట్టముక్కతో ఇంకో చిక్కు, దాన్ని పట్టుకున్న క్లాసులో అయ్యవారికి ప్రశ్న ఉండి తీరాలి. ఆ బస్సూ ఆటో ప్రశ్న తయారుచేయడానికి పాఠం తెలియాలి, పిల్లలు ఎక్కడ బోల్తాపడతారో తెలియాలి, ఒక సాయంత్రం కూర్చోవాలి. ఆ సాయంత్రం మన లెక్చరర్ దగ్గర లేదు. అది కోర్సు ఫైలు తినేసింది. కోర్సు ఫలితాలను డిగ్రీ ఫలితాలతో జతచేసే సీవో, పీవో మ్యాపింగ్ అనే మహాయజ్ఞంలో మిగిలిందేమైనా ఉంటే, అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పట్టుకురమ్మన్న టార్గెట్ మింగేసింది. అందుకని మనవాళ్ళు బటన్‌ని దిగుమతి చేసుకుని, బస్సునీ ఆటోనీ పక్కవాడితో గొడవనీ కస్టమ్స్‌లోనే వదిలేశారు.

గొడవని మాత్రం కావాలనే వదిలేశారనుకోండి. రెండు నిమిషాలు వాదించుకోండి అని ఏ సార్ అయినా అన్నాడే అనుకుందాం. నూట ఎనభైమంది ఒక్కసారి నోళ్ళు విప్పితే కారిడార్ అదిరిపోతుంది. ప్రిన్సిపాల్ గదిలో సీసీ కెమెరా తెరమీద వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. క్షణాల్లో అటెండర్ వస్తాడు: "సార్, మీ క్లాసు చాలా గోలగా ఉందంట." సార్ బల్ల మీద చరుస్తాడు. నిశ్శబ్దం నెలకొంటుంది. ఇప్పుడు అందరూ బుద్ధిగా ఫోన్లు తీసి ఇంటరాక్షన్ చేసుకోవచ్చు.

బటన్ నొక్కినవాడు హాల్లో ఉన్నట్టేనా అంటే అదీ చెప్పలేం. ఈ విషయంలో అమెరికావాళ్ళకు ఎదురైన అనుభవం మనవాళ్ళు పటం కట్టించి పెట్టుకోవలసినంత గొప్పది. 2014లో డార్ట్‌మత్ కాలేజీలో పెద్ద క్లాసు, క్లిక్కర్లతో హాజరు, జవాబులకు మార్కులు. తెరమీద పడే జవాబుల సంఖ్యకూ, ఎదురుగా కనిపించే తలకాయల సంఖ్యకూ పొంతన లేదని ప్రొఫెసర్‌కి అనుమానమొచ్చింది. ఓ రోజు అదే ప్రశ్నను కాగితం మీద కూడా రాసిమ్మన్నాడు. క్లిక్కర్ నొక్కినవాళ్ళలో 43 మందికి కాగితం లేదు. స్నేహితులు వాళ్ళ క్లిక్కర్లు కూడా జేబులో వేసుకొచ్చి, ఎవరి వంతు వాళ్ళకు నొక్కిపెట్టారు. మొత్తం 64 మంది మీద చర్య మొదలైంది. ఇంతకీ ఆ కోర్సు పేరు చెప్పలేదు కదూ: క్రీడలు, నీతి, మతం.

తెలుగు విద్యార్థి ఈ కథ విని నవ్వుతాడు. ఒక్కొక్కరి యంత్రం మోసుకెళ్ళడమేమిటి, మోటుపని! మనవాడు తెరమీది క్యూఆర్ కోడ్‌ని ఫొటో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే పార్టిసిపేట్ చేస్తాడు. కోడ్ పది సెకన్లకోసారి మారేలా కాలేజీ పెడితే వీడియో కాల్ ఉంది. లొకేషన్ అడిగితే లొకేషన్‌ని మోసం చేసే యాప్ ఉంది. "ఎస్ సార్" అని గొంతు మార్చి పలికే పాత ప్రాక్సీలో కాస్త నటనైనా ఉండేది, కళాకారుడికి ఆ తృప్తీ లేకుండా పోయింది. ఇంత శ్రమ దేనికంటే 75 శాతం హాజరు కోసం. అది తగ్గి 65 దాకా ఉంటే జేఎన్టీయూలో కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. అంటే పది శాతం చదువుకు రేటు కట్టి పెట్టాం. మనం అనుమతించని ప్రాక్సీ అల్లా ఫీజు కట్టనిదే.

ఇంతసేపూ ఎగతాళి చేశాను గాని, ఒక మాట ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది. ఈ బటన్ ఒకరికి మాత్రం నిజంగా అక్కరకొస్తుంది. పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి ఉంటుంది. జవాబు తెలుసు. లేచి ఇంగ్లీషులో చెప్పాలంటే కాళ్ళు వణుకుతాయి. ఒక్క క్రియాపదం తప్పిందంటే ముందు బెంచీ కిసుక్కుమంటుందని ఆమెకు తెలుసు, ఓసారి అన్నారు కూడా. అలాంటి పిల్లకు పేరు కనబడకుండా జవాబు నొక్కే అవకాశం దొరికితే, తెరమీద తన జవాబే సరైనదని తేలితే, ఆ రోజు ఆమె ఇంటికి నిటారుగా నడిచి వెళుతుంది. నాలుగుసార్లు అలా జరిగితే అయిదోసారి చెయ్యెత్తుతుంది. యంత్రానికి నేను దణ్ణం పెట్టేది ఈ ఒక్కచోటే.

కాలేజీలు ఆ ఒక్కచోటునూ గుర్తుపట్టాయి. గుర్తుపట్టి పూడ్చేశాయి. పేరు కనబడకపోతే మార్కులెలా వేస్తాం? హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అవ్వాలన్నారు. తప్పు జవాబుల జాబితా మెంటర్‌కి వెళుతుందన్నారు. తల్లిదండ్రులకు మెసేజ్ కూడా పోతుందన్నారు. ఆ అమ్మాయి ఫోన్ తీసి, పక్కవాళ్ళేది నొక్కుతున్నారో తొంగిచూసి, అదే నొక్కింది. చెయ్యెత్తడానికి భయపడే పిల్లకు ఇప్పుడు వేలెత్తడానికి కూడా భయం నేర్పాం. టెక్నాలజీ అంటే ఇదే మరి.

ఈ తతంగమంతా పిల్లలకోసమని ఎవరైనా అనుకుంటుంటే వాళ్ళ అమాయకత్వానికి జోహార్లు. నాక్ తనిఖీ వస్తుంది. బోధనలో సాంకేతిక సాధనాలు ఎంతమేరకు వాడుతున్నారని అడుగుతుంది. ఆధారాలు అప్‌లోడ్ చెయ్యాలి. ఆ ఆధారాలకోసం ఏడాదికి సరిపడా ఫొటోలు ఒక్క శనివారం తీసి పెట్టుకునే నేర్పరులున్నారు, చొక్కాలు మార్పిస్తారు అంతే. అధ్యాపకులకు ఎఫ్‌డీపీ అనే శిక్షణ పెడతారు: 'విద్యార్థుల భాగస్వామ్యాన్ని పెంపొందించడం ఎలా'. వక్త మూడు గంటలు ఏకధాటిగా మాట్లాడతారు. నూట పాతిక స్లైడ్లు. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటూనే మైకు ఆపేస్తారు. శాలువా, మొమెంటో, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. పిల్లలు ప్రశ్నలడగడం లేదని బాధపడే ఆ సభలో ఒక్క లెక్చరర్ కూడా ప్రశ్న అడగలేదని ఎవరూ గమనించరు.

గ్రేడులకోసం సాంకేతిక పరికరాలు ఎంత ముఖ్యమో మనకు సీబీఐ కూడా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలో ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న అభియోగం మీద, సంస్థ పెద్దలతో పాటు తనిఖీకి వచ్చిన నాక్ బృందం సభ్యుల్ని కూడా అరెస్టు చేసింది. స్వాధీనం చేసుకున్న వాటిలో నగదుతో పాటు ల్యాప్‌టాప్‌లు, ఓ ఐఫోన్ ఉన్నాయని ప్రకటించింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. విద్యలో డిజిటల్ ఉపకరణాల ప్రాధాన్యం మాత్రం అప్పుడే తేలిపోయింది.

ఈ లెక్కన త్వరలో ఓ సర్క్యులర్ రావడం ఖాయం. ముసాయిదా నేనే రాసిపెడుతున్నాను, సంతకం పెట్టుకుని వాడుకోవచ్చు. "విద్యార్థులందరికీ తెలియజేయునది ఏమనగా, ప్రతి విద్యార్థి సెమిస్టరుకు కనీసం రెండు సందేహములు కలిగియుండవలెను. సందేహము కలిగిన వెంటనే దానిని పోర్టల్ నందు నమోదు చేసి, ఓటీపీ ద్వారా ధ్రువీకరించుకొని, మెంటరు ఆమోదము పొందిన పిమ్మట మాత్రమే అడగవలెను. సిలబస్‌లో లేని సందేహములు తిరస్కరించబడును. రెండు సందేహములు లేని విద్యార్థులు నిర్ణీత రుసుము చెల్లించి సందేహ మినహాయింపు పొందవచ్చును. అడిగిన సందేహమునకు జవాబు ఇచ్చుట అధ్యాపకుల వీలును బట్టి ఉండును."

అసలు క్లాసులో నూట ఎనభైమంది ఎందుకున్నారన్నది ఏ యాప్ కూడా అడగదు. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క. అంతకుముందు పదిహేనుమందికి ఒకరు ఉండాలనేవారు, 2018లో సడలించారు. 2024-25 నుంచి, బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల మీద ఉన్న పరిమితి కూడా ఎత్తేశారు. కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు అక్షరమాల చివరిదాకా పాకుతున్నాయి. సీట్లు పెరిగినంత వేగంగా లెక్చరర్లు పుట్టరు, పుట్టినా ఆ జీతానికి రారు. రికార్డుల్లో మాత్రం అందరూ ఉంటారు. తనిఖీ రోజున కొత్త ముఖాలు కుర్చీల్లో వెలుగుతాయి, మర్నాడు ఆరిపోతాయి. పిల్లలవి మాత్రమే ప్రాక్సీలనుకునేరు. లెక్చరర్ జీతం నెలనెలా ఇవ్వాలి, యాప్‌కి ఏడాదికోసారి కడితే సరిపోతుంది, పైగా ఉచిత ఖాతా ఉండనే ఉంది. యాప్‌కి పీఎఫ్ అక్కర్లేదు. యాప్ ప్రసూతి సెలవు అడగదు. మైకుకీ మనిషికీ మధ్య ఉన్న ఖాళీని నార్వే నుంచి వచ్చిన కహూట్‌తో, స్వీడన్ నుంచి వచ్చిన మెంటీమీటర్‌తో పూడుస్తున్నారు. ఆ కంపెనీల తప్పేం లేదు. వాళ్ళు అమ్మింది సుత్తి, మనం దాంతో తల దువ్వుకుంటున్నాం.

"అబ్బే, ప్రశ్నించడం మన కల్చర్‌లోనే లేదండీ" అని డైరెక్టర్లు సెలవిస్తుంటారు. బాగుంది. ఒక ఉపనిషత్తుకు ఉపనిషత్తే ప్రశ్నోపనిషత్తు, ఆరుగురు శిష్యులు వచ్చి పిప్పలాదుణ్ణి వరసబెట్టి అడుగుతారు. అది పాతదనుకుంటే తెలుగువాడు సొంతంగా పెంచుకున్న అష్టావధానం ఉంది. నిండు సభలో ఒక పండితుణ్ణి కూర్చోబెట్టి ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి అంటారు. అది చాలదన్నట్టు, మధ్యలో అడ్డమైన ప్రశ్నలూ వేసి ఆయన ఏకాగ్రత చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి అని వాళ్ళలోనే ఒకరిని నియమిస్తారు. నియమిస్తారండీ, సస్పెండ్ చెయ్యరు. తిరుపతి వేంకట కవులనే జంట ఊరూరా తిరిగి అవధానాలు చేస్తే జనం ఎగబడి చూశారు. ప్రశ్న పడ్డప్పుడల్లా సభ మొత్తం ఉలిక్కిపడి ముందుకు వంగేది. ఈనాడు అదే అప్రస్తుత ప్రసంగి బీటెక్ సెకండియర్‌లో ఉంటే, రెండో వారానికే వాళ్ళ నాన్నను పిలిపించి ఉండేవాళ్ళం.

ఇంకొక్క పరికరం గురించి చెప్పి ముగిస్తాను. దానికి చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎంతమంది ఉన్నా పనిచేస్తుంది. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్ని రికార్డు చేసి విన్నది. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబుకోసం ఎంతసేపు ఆగుతున్నారని కొలిస్తే, సగటున ఒక్క సెకను. ఆ ఒక్క సెకనూ అయ్యాక జవాబు వాళ్ళే చెప్పేస్తున్నారు, లేదా ఇంకో ప్రశ్నకు పోతున్నారు. మూడు సెకన్లు ఆగి చూడండని ఆమె టీచర్లకు తర్ఫీదిచ్చింది. జవాబులు పొడుగయ్యాయి. తెలియదు అనేవాళ్ళు తగ్గారు. మాట్లాడనివాళ్ళు మాట్లాడారు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. మూడు సెకన్లు! లైసెన్సు ఫీజు లేదు. కానీ మన హాల్లో నూట ఎనభైమంది ముందు మూడు సెకన్లు మౌనంగా నిలబడాలంటే, ప్రశ్న మీద నమ్మకముండాలి, ఎదుటివాడికి బుర్ర ఉందన్న నమ్మకముండాలి, సిలబస్ ఏమైపోతుందోనన్న దడ ఉండకూడదు. వీటిలో ఏదీ ఏ స్టోర్‌లోనూ డౌన్‌లోడ్‌కి దొరకదు.

కౌన్సెలింగ్ రోజులు వస్తాయి. తల్లిదండ్రులారా, మీరు క్యాంపస్ చూడ్డానికి వెళతారు. టై కట్టుకున్న కుర్రాడు మిమ్మల్ని స్మార్ట్ క్లాస్‌రూముకి తీసుకెళ్ళి, తెర మీద రంగురంగుల పట్టీలు పైకి లేచి కిందికి పడడం చూపిస్తాడు. చూసి సంతోషించండి. తర్వాత, వేరే ఎవరికీ చెప్పకుండా, జరుగుతున్న ఏదో ఒక క్లాసు తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడండి. "సార్, నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అని ఏ పిల్లవాడైనా అన్నాడేమో, అంటే ఆ సార్ ఏమన్నాడో వినండి. తలుపు దగ్గర నిలబడనివ్వకపోతే మీ చెక్కుబుక్కు మీ సంచీలోనే ఉండనివ్వండి.